ఇష్టయ్య దొర కత్తి

మా జేజి పెంచలమ్మ రేకుపెట్టెలో
అరచెయ్యంత కత్తిముక్క.
వెదురు పిడి, దాని చుట్టూ పాత చీరపేలిక.
"గుర్రమెక్కిన కత్తిరా ఇది" అనేది.

సైదాపురం మైకా షెడ్డులో
బిల్లల్ని ఎండకి పట్టి చూసి కొనే ఏజెంటు ఆయన.
పేరు ఇష్త్‌వాన్ అంట. ఏ నోరు తిరగతాది?
ఇష్టవాను, ఇష్టవయ్య, ఆఖరికి ఇష్టయ్య దొర.
వాళ్ళ రాజు జెండా మీద గద్దకి రెండు తలలంట.
"కూడు ఏ నోట్లో పెట్టాలో తెలీకనే చచ్చుంటది"
అనేవాడు గుమాస్తా రాఘవులు.

కొలువంతా చేతులతోనే చెప్పాడంట:
పద్దెనిమిదేళ్ళకి నీలంకోటు,
భుజాన ఊరికే వేలాడే ఇంకో కోటు
("తొడుక్కోని కోటెందుకు సామీ?" అని జేజి)
కాలరు మీద మూడో చుక్క వచ్చేసరికి యుద్ధం.
తొలి ఆగస్టులోనే, కోతకొచ్చిన గోధుమచేలో,
మిషన్‌గన్నుకి ఎదురుగా నూటనలభై గుర్రాలు.

ఇక్కడ చేతులు ఆగిపోయేవి.

మిగతా నాలుగేళ్ళు బురదలో నడిచాడు,
మడమలకి ముల్లుగిలకలు మాత్రం విప్పకుండా.
తిరిగొస్తే ఇల్లు అక్కడే ఉండాది,
దేశమే జరిగిపోయుండాది.

గూడూరు స్టేషన్లో జట్కా ఎక్కబోతా
ముందు గుర్రం కాలెత్తి నాడా చూసేవాడు,
తర్వాతే బాడుగ మాట.

కత్తి విరిగితే కూలి కోస్తానన్నాడు కాంట్రాక్టరు ఒక ఏడు.
ఆ మాపటేళ దొర తన కత్తి తీసుకెళ్ళి
కమ్మరి చెంగయ్య దాగలి మీద పెట్టాడు.
చెంగయ్య జడిసి టెంకాయ కొట్టించాడు, తర్వాత సమ్మెట.
ఏడు ముక్కలు. ఏడుగురు ఆడోళ్ళు.
మనిషిని నరికే ఉక్కు
కాకిబంగారాన్ని పొర తర్వాత పొర
తామరరేకులాగా విప్పింది.
"బలం కాదబ్బయా, వాటం" అనేది జేజి.

మళ్ళీ యుద్ధం. జీపులో పోలీసులు.
శత్రుదేశం మనిషంట. ఆయుధాలేమన్నా ఉంటే చూపమన్నారు.
గోడకి ఒర ఒకటే, ఖాళీది.
"కత్తేదీ?"
షెడ్డులో ఎవురూ తలెత్తలేదు.
ఏడు చేతులు చీలస్తానే ఉన్నాయి.
రాఘవులే రాసిచ్చాడు: ఖాళీ ఒర, ఒకటి.

దొర మళ్ళీ రాలేదు. ఉత్తరమూ లేదు.

మా ముక్క మీద, వేలితో తడిమితే,
గద్ద రెక్క ఒకటి తగలతాది.
తలలు రెండూ ఎవరెవరి ఇళ్ళల్లో ఉన్నాయో,
ఏ వంకాయలు తరగతా ఉన్నాయో.