సందు

సాల్మియాల ఏడో అంతస్తు. వంటింట్ల
రెండు రోజులు పలకల డబ్బాలు పండవెట్టినం,
ఈ ఇంటి గాలి వాటికి అలవాటు గావాలని.
నాకెవ్వలియ్యలే ఆ రెండు రోజులు,
దిగిన తెల్లారే సుత్తె పట్టిన.

క్యాబినెట్ల కిందికి తోయకు అంటడు రాజేశం.
"బరువు మీదుంటే పలక మెసలదు.
మెసలకుంటే ఉబ్బుతది."
గోడ పొంటి పది మిల్లీమీటర్లు ఇడిసి
చెక్కముక్కలు దోపుతం.

టక్, టక్. పలక పలకను కరుసుకుంటది.
ఫ్రిడ్జు మూల కాడ
మూడుసార్లు తప్పు కోసిన.

ఆఖర్న అడుగుపట్టీ బిగిస్తే
మదాం ఉత్తకాళ్లతో నడిచి చూసి
"మాషా అల్లా, ఏడా సందు లేదు" అన్నది.
రాజేశం నా దిక్కు చూసి నవ్విండు.

రాత్రి క్యాంపుల, ఆరుగురి గదిల,
నా మంచాన్ని గోడకెల్లి
బెత్తెడు ఇవుతలకు జరిపిన.