నాలుగో డబ్బా

కాశీబుగ్గ పాత బస్టాండు పక్కన
నా ఫ్యాన్సీ షాపుకి అద్దం ఒక్కటే.
ఆరున్నరకి జీడి ఫ్యాక్టరీ వదిలితే
ఆ అద్దంలో ముఖాలు వరస కడతాయి,
చేతులు మాత్రం కొంగు కింద దాక్కుంటాయి.
జీడి నూనె తిన్న వేళ్లు
ఏ సబ్బుకీ లొంగవు.

"సేతులెలాగూ పోనాయి, మొకవైనా తెల్లబడనీ"
అంది తవిటమ్మ.
నలభై రూపాయలకి ఆకుపచ్చ మూత డబ్బా ఇచ్చాను.
మూత మీద ముత్యం బొమ్మ.
అడుగున ఖాళీ.
తేదీ లేదు, బ్యాచి లేదు, లైసెన్సు నంబరు లేదు.
ఊరూ పేరూ లేనిదాన్ని
ఊరంతా అమ్మాను నేనే.

మూడు వారాల్లో తెల్లబడింది.
నిజంగానే.
ఆమెను చూసి ఇంకో పదకొండు మంది కొన్నారు.

మందుల ఇన్‌స్పెక్టరు హైమవతి గారు
శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చారు.
సంచీలో లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర.
నాలుగు డబ్బాలు తీసి, నూటఅరవై లెక్కపెట్టిచ్చి
రసీదు రాయించుకున్నారు.
ఒకటి ప్రయోగశాలకి.
ఒకటి కోర్టుకి.
ఒకటి మీకు, సీలు విప్పకుండా దాచండి.
నాలుగోది తయారుచేసినవాడికి.
లక్క కరుగుతోంది.
"చిరునామా చెప్పండి."

ఏం చెప్పను?
ఇచ్ఛాపురం వైపు నుంచొచ్చే పాసింజరు దిగి
బ్యాగు భుజానేసుకొచ్చేవాడు.
బాబూ అని పిలిచేదాన్ని.
బిల్లడిగితే నవ్వేవాడు.
"బిల్లు లేకపోతే" అన్నారామె, కోప్పడకుండానే,
"ఆ చిరునామా మీదే అవుతుందమ్మా."

నలభై మూడు రోజులకి కాగితం వచ్చింది.
పాదరసం.
పేరులోనే పాదం ఉంది,
నేను ముఖానికెక్కించాను.

ఎండకి చర్మం తనకు తానే అల్లుకునే గొడుగు
ఆ నలుపు, అని చెప్పారు హైమవతి గారు.
అల్లే చేతిని పట్టి ఆపేస్తుందట పాదరసం.
గొడుగు ముడిస్తే తెల్లబడ్డామనుకుంటాం.
అది మాత్రం లోపలికి దిగి
కిడ్నీల దగ్గర కూర్చుంటుంది.

కిడ్నీల దగ్గర.
ఉద్దానంలో ఈ మాట మెల్లిగా అనాలి.
మా వీధిలో డయాలసిస్‌కి వెళ్లే ఆటో
హారను కొట్టదు,
తెల్లవారుజామున అందరికీ దాని టైము తెలుసు.
నీళ్లో, నేలో, ఎండో,
ఇంకా తేల్చినవాళ్లు లేరు.
ఆ తేలని బరువు మీద
నలభై రూపాయల బరువొకటి పెట్టాను.

క్రీము మానేశాక నలుపు తిరిగొచ్చింది,
అతుకులతుకులుగా.
ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను తవిటమ్మని.
ఈసారికి ఫర్వాలేదు, మూడు నెలలకి మళ్లీ రండన్నారు.
దారంతా మాట్లాడలేదు.
ఆటో దిగాక,
"నా నలబై నాకిచ్చీ" అంది.
ఇచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

నాలుగో డబ్బా ఇంకా కౌంటరు మీదే ఉంది.
లక్క ముద్ర మీద దుమ్ము తుడుస్తాను,
వెళ్లాల్సిన చోటు మాత్రం రాయలేను.

నిన్న తవిటమ్మ మళ్లీ వచ్చింది.
కొబ్బరి నూనె సీసా అడిగింది.
చదువు రాదు.
సీసా తిరగేసి, దాచని నల్ల వేలితో
చీటీ అంతా తడిమి,
"ఊరుందేటి దీనికి?" అంది.

చదివి వినిపించాను,
పిన్‌కోడుతో సహా.