ముందు ఎవలు పట్టిచ్చిండ్రు?

మక్తల్ సంతబజారుల మా గిర్ని.
పట్టా సప్పుడు మీద మాట్లాడి మాట్లాడి
నా గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైననే ఉంటది.
ఇంట్ల గూడ ఒర్రుతవని మా ఆయన గులుగుతడు.

వచ్చినోళ్లు తట్ట దించకముందే అడిగేది ఒక్కటే:
"శరణమ్మా, ముందు ఎవలు పట్టిచ్చిండ్రు?"
గోధుమలు పట్టినంక జొన్నలు పొయ్యరు.
జొన్నరొట్టె అంటే అరశెయ్యి కింద
సప్పుడు జేసుకుంట తిరగాలె, గుండ్రంగ పారాలె.
గోధుమ కలిస్తే సాగుతదంట,
సూడనీకె వచ్చి ఇంటికి పోని సుట్టం లెక్క
శెయ్యి ఇడువదంట.

మా అవ్వ బుగ్గమ్మకు ఆ గింజంటే కోపం గాదు, అనుమానం.
పెద్ద కరువుల కట్టపనికి పోతే
పైసలకు బదులు ఎర్ర గోధుమలు కొలిచిచ్చిండ్రంట.
పొద్దందాక మన్ను మోసి
కొంగుల మూటగట్టుకొని వచ్చి
ఎట్ల వండాల్నో తెల్వక
గుగ్గిళ్ల లెక్క ఉడకబెట్టిందంట.
కట్టెలు అయిపోయినయి గని గింజ మెత్తగ కాలేదు.
"దాని కడుపు మీద గీత సూడు బిడ్డా,
ఎవలో సగం ఇయ్యబోయి
మనసు మార్చుకున్నట్టు లేదా?" అనేది.
నేను ఇప్పటికీ ఒక్క గింజ తీసి తిప్పి సూస్త.
ఉంటది గీత.

ఉశేనప్పకు షుగరొచ్చి పదేండ్లు.
అన్నం బంద్ జేసి గోధుమ తినుమన్నడు పాత డాక్టరు.
గోధుమ బంద్ జేసి జొన్న తినుమంది కొత్త డాక్టరమ్మ.
సంచి గదే. పోసే గింజ మారింది.
"మా నాయిన ఏ డాక్టరుకూ పైసలియ్యక తిన్నడు గదా ఇదే" అని
తూకం కాంట దిక్కు సూసి నవ్వుతడు.

ఆదివారమొస్తె జిన్నింగ్ మిల్లు బీహారు పోరగాళ్లు.
వాళ్లు ముందు ఎవలని అడగరు,
రాళ్లు దగ్గెర జెయ్యి, సన్నంగ రావాలె అంటరు సైగలతోని.
అండ్ల ఒకడు, బిర్జు, మీసం ఇంకా సక్కగ రాలేదు,
గొట్టంల కెల్లి పడే ఉడుకు పిండి కింద
శెయ్యి పెట్టి కండ్లు మూస్తడు.
నేను జర మెల్లగ పోస్త ఆ సంచి.
మా తమ్ముడు తిప్పన్న
కాన్పూరు అవుతల కాలువ పనికాడ ఉన్నడు.
"అక్కా, ఈడ జొన్నలంటే గొడ్లకా అని అడుగుతరు" అన్నడు ఫోన్ల.
ఆడ గిర్ని నడిపే మనిషి ఎట్లుంటడో ఏమో.

ఈ ఏడు ఆశప్ప అర ఎకరం రేగడిల గోధుమ ఏసిండు.
మాగి సలి పడలే.
ఎన్ను పాలుబోసుకునే యాళ్లకే ఎండ ముదిరింది.
గింజ సన్నబడి, ముసలోని ఏలు లెక్క ముడుతలు బడ్డది.
బేరగాడు పిడికెడు తీసి, ఊది, మళ్ల సంచిలనే ఏసిండంట.
మిగిలిన పన్నెండు కిలోలు సైకిలు మీద తెచ్చిండు.
"ముందు ఎవలు?" అన్నడు.
పొద్దున్నే రాళ్లకు కక్కు కొట్టిన,
ఇసిక పోవాల్నని మా ఇంటి జొన్నలే రెండు దోసిళ్లు పోసిన అన్న.
సరే పొయ్యమన్నడు.
పిండి తెల్లగ రాలే. వాన మొగులు రంగుల వచ్చింది.
సిటికెడు నాలుక మీద ఏసుకొని
శానసేపు ఏం అనలే.
"కరకరమంటుంది" అన్నడు ఆఖరికి.
"మన రాయే" అన్న నేను.
కూలి పైసలొద్దన్న. గిన్నెడు పిండి పెట్టిపోయిండు.

రాత్రి షట్టరు దించి గిర్ని ఊడుస్త.
జొన్నది, గోధుమది, బిర్జుది, ఆశప్పది,
మూలకున్న దుమ్ముతోని కలిసి తట్టెడయితది.
కుడితిల కలిపి బర్రె ముందట పెడ్త.
మూతి ముంచి, గుక్క తిప్పుకోకుంట తాగుతది.
ఇన్నేండ్లల ఒక్క పారి గూడ
ముందు ఎవలని అడగలే అది.