ఎడమ పెడలు

కొలతలు తీసుకోవాలె, నిలబడు అన్నడు ఓదెలన్న.
నవ్వొచ్చింది నాకు.
జాకెట్టు కుట్టిచ్చుకోను రాలేదన్నా, సైకిలు కోసం వచ్చిన.
అదే చెప్తున్న, అన్నడు.
దారం కొస నాకే ఇచ్చి, నడుము కాడ పట్టుకోమని
రెండో కొస మడమ దాక గుంజిండు.
కుడికాలుకొక ముడి, ఎడమకాలుకొక ముడి.
రెండు ముళ్ళ నడుమ రెండున్నర ఇంచులు.
వాడకట్టంత నా వెనకాల మాట్లాడే ముచ్చటను
ఒక్క దారంల చూసి
చెవి మీది పెన్సిలు తీసి రాసుకున్నడు.

శివనగర్ల రేకుల షెడ్డు ఆయనది.
మీద వేలాడే రిమ్ములు,
కింద కిరోసిన్ గిన్నెల నానే ఛర్రాలు.
ఆటోల పోరాదు అనలే,
స్కూటీకి నాలుగు గిల్కలు పెట్టిస్తరు గద అని
అందరన్నట్టు అనలే.
ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నింటికి, ఏం మోస్తవు,
మూడే మాటలు అడిగిండు.

కరీమాబాదు నుంచి ఎంజీఎం దాక.
పొద్దుగాల ఆరింటి డ్యూటీ, ఐదుంబావుకు ఇల్లు ఇడువాలె.
టిఫిను డబ్బా, వానకాలమైతే ఇంకో చీర.
మధ్యల అండర్ బ్రిడ్జి.
ఆ మాట అనంగనే ఆయన మొకం
ఎక్స్‌రే చూసే డాక్టరు మొకం అయ్యింది.
దిగుడు కాదు, నీకు ఎక్కుడే తక్లీబు, అన్నడు.

వారమన్నడు, పదిహేను రోజులు పట్టింది.
ఫ్రేము మూతబడ్డ మిల్లుల పనిచేసిన ఒకాయనది,
సీటు కింద ఇంకా సైకిల్ స్టాండు ఇత్తడి బిళ్ళ, 412.
తీసేయాల్నా అన్నడు. ఉండనియ్యి అన్న.
పై డండా కోసి, వంచి, కిందికి అతికిచ్చిండు
చీర తట్టకుండ.
చిమ్టా ఇంకో బండిది. హ్యాండిలు ఎవలదో ఆయనకే యాదికి లేదు.
పద్దెనిమిది పండ్ల ఫ్రీవీలు తీసి
ఇరవై రెండు పండ్లది ఎక్కిచ్చిండు.
ఉరుకది గని మోస్తది, అన్నడు.
నా గురించే అంటున్నడేమో అనుకున్న కొంచెం సేపు.

ఇగ ఎడమ పెడలు.
పాత దర్వాజ టేకు ముక్క చెక్కి
లారీ టైరు రబ్బరు తొడిగి బోల్టులు బిగిచ్చిండు.
తెల్లారి పోతే తలకిందులై వేలాడుతున్నది,
బరువంత మీదుంటే ఏదైనా అంతే.
తిట్టుకుంట విప్పిండు. రెండురోజులు మాట లేదు.
మూడోనాడు కింద సీసం బిళ్ళ కట్టిండు,
కారు చక్రాలకు కొడతరే, అసొంటిది.
వేలితోని గిర్రున తిప్పి ఇడిస్తే
తిరిగి తిరిగి
కట్టె మీదికే చూసుకుంట ఆగింది.
అంత నవ్వు నేను ఏ పెండ్లి ఫొటోల చూడలే.

మొదటినాడు బ్రిడ్జి కిందున్నప్పుడే
పైన రైలొచ్చింది.
మెడ మీద రెండు చల్లటి చుక్కలు పడ్డయి.
ఎక్కుడు కాడ దిగి నూకుదామనుకున్న,
కాళ్ళు దిగలే.
ఇటుకలు అందిచ్చుకునే కూలోళ్ళ లెక్క
ఒకదానికొకటి అందిచ్చుకుంట
స్టేషన్ రోడ్డు మీదికి తెచ్చినయి నన్ను.
నడిస్తే భూమి నాకు ఒకపక్క పల్లం.
ఎక్కితే సాపు.

పోయిన ఎండకాలం, డ్యూటీ దిగి బయటికొస్తే
దవాఖాన గోడ కాడ సైకిలు లేదు.
తాళం మాత్రం ఉన్నది, రెండు ముక్కలు.
సిస్టరమ్మ కంప్లయింటు రాయమన్నది.
రాయకుంట ఏడ్సుకుంట నడిచిన.
చౌరస్తాకు ఇవుతల, చెరుకురసం బండి పక్కన,
మోరీల సగం పండుకొని ఉన్నది.
రసం పట్టే ఆయన గ్లాసు కడుగుకుంట చెప్పిండు:
పొడుగు పిలగాడమ్మా, జబర్దస్తుగ ఎక్కిండు,
ఎడమ మోకాలు గడ్డానికి తగులుతది,
కుడికాలు ఎటో పోతది,
కుంటుకుంట కుంటుకుంట గీడిదాక వచ్చి
తిట్టి, ఇసిరేసి, ఉరికిండు.

ముందటి చక్రం మోకాళ్ళ నడుమ ఇరికిచ్చుకొని
వంకరబోయిన హ్యాండిలు సాపు చేసుకుంట
ఓదెలన్న గంటసేపు నవ్విండు. నేను సుత.
పగిలిన బెల్లుకు మాత్రం
ముప్పై రూపాయలు తీసుకున్నడు.