రెండు వేళ్ల ఎడం

రాత్రి రెండున్నరకి తాతరాజు గారి ఫోను:
"ఏరేటర్లు మళ్లీ ఆగిపోయాయండీ."
వెనకాల జనరేటరు దగ్గుతున్న చప్పుడు.
మోజెస్ తెడ్డుతో నీళ్లు కొడుతున్నాడట,
ఐదెకరాల రొయ్యకి ఒక మనిషి ఊపిరి.

కిందటి వారం భీమవరంలో నా బల్ల మీద
ఆయన డ్రైవులు మూడు పొట్టలు విప్పుకుని పడున్నాయి.
మూడింట్లోనూ ఒకటే కాలిన వాసన.
కరెంటు గీత దాటిన సంగతి
పాత కంపారేటరుకి తెలిసేసరికి
ఐజీబీటీకి దినం కూడా అయిపోతోంది.

డేటాషీట్లు తిరగేశాను.
ఒకటి చవక, నిదానస్తురాలు.
ఒకటి మహా చురుకు, పన్నెండు వోల్టులు చూస్తే ప్రాణం విడుస్తుంది.
ఇంకోటి మే నెలలో రేకు డబ్బా లోపలి వేడికి
నా వల్ల కాదని చిన్నక్షరాల్లో ముందే చెప్పేసింది.
మిగిలినదాన్ని తెప్పించాను, హైదరాబాదు బస్సు పార్సిల్లో.
గోరంత ఒంట్లో ఇద్దరు కాపలాదార్లు,
పై గీతకొకడు, కింది గీతకొకడు.
ఎనభై నానో సెకన్లలో జవాబు.

బిగించాక ఒక్క డ్రైవూ కాలలేదు.
ఒక్కటీ నడవనూ లేదు.
పక్క చెరువులో మోటారు వేస్తే చాలు
దొంగ దొంగ అని అరిచి అన్నీ ఆపేస్తోంది.

బండి మీద వెళ్తుంటే గుర్తొచ్చాడు మా నాన్న,
నర్సాపురం కాలవ మీద లాకు లస్కరు.
గేజీ రాయి ముందు గొంతుక్కూర్చుని
ఉప్పుగాలికి నీరు లేస్తూ పడుతూ ఉంటే
చక్రం మీద చెయ్యెయ్యని మనిషి.
"అల లేచిందని తలుపెత్తకూడదురా.
గీత మీద రెండు వేళ్లు దాటాక ఎత్తు,
గీత కింద రెండు వేళ్లు తగ్గాక దించు.
మధ్యలో ఆడేది గాలి. నీరు కాదు."

ఇంజినీర్లు దానికి హిస్టెరిసిస్ అని పేరు పెట్టారు.
నాన్న ఏ పేరూ పెట్టలేదు, బీడీ వెలిగించుకునేవాడు.

గట్టు మీద, టార్చి నోట కరుచుకుని
అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి
ఇద్దరికీ చెరో రెసిస్టరు అతికాను.
చక్రాలు తిరిగాయి. నీళ్లు తెల్లబడ్డాయి.
మోజెస్ తెడ్డు పారేసి అక్కడే చతికిలబడ్డాడు.
పక్క చెరువు మోటారు ఉరిమింది.
చిప్పు విన్నది,
ఊరుకుంది.

తెల్లారాక తాతరాజు గారు బిల్లు చూశారు.
"రెసిస్టర్లకి రూపాయి, సరే.
ఈ కింద రెండొందలేటండి?"

లస్కరు జీతమండి, అన్నాను.