ఎర్రనీటి మొహం

కెమ్చి లైబ్రరీలో మధ్యాహ్నం మూడు.
రేకుల మీద వాన చింతపిక్కలాడుతోంది.
ఎదెల్మీరా గమ్‌బూట్లు గుమ్మంలో విడిచి
తడి మేజోళ్ళతో వచ్చి కంప్యూటరు ముందు కూచుంది.
"మా తీరానికి తాళం వేసినవాడి
మొహం చూడాలి."

పదకొండు వారాలుగా ఆల్చిప్పలు తీయనివ్వడం లేదు.
ఎర్రనీరు అన్నారు.
నీళ్ళు మాత్రం కడిగిన గాజులా ఉన్నాయి.

సముద్రాల అవతల ఎవరో
మైక్రోస్కోపు కింద చూసి, దాచుకోకుండా
లోకానికంతా పరిచిన బొమ్మలు.
ఒక్కొక్కటే తెరిచాను.
పెద్దది చెయ్యమంది. ఇంకా. ఇంకా.
నల్లటి తెర మీద
నడుముకి గాడితో నాలుగు కణాలు,
చేయీ చేయీ పట్టుకుని
బడికి పోతున్న పిల్లల్లా.

తిడుతుందనుకున్నాను.
బొటనవేలి గోరు తెరకి ఆనించి
"దీని మీద ఎన్ని పడతాయి?" అంది.
బొమ్మ మూలనున్న కొలత గీత చూసి
కాగితం మీద లెక్కేశాను.
"లక్ష దాటతాయి."

చాలాసేపు గోరునే చూసుకుంది.
దాని కింద ఇంకా పాత ఇసుక.

"అచ్చు తీసివ్వు. రంగుల్లో."
రంగుకి డబ్బెక్కువన్నా వినలేదు.
అలిగిన చుట్టాన్ని ఇంటికి తీసుకెళ్తున్నట్టు
కోటు లోపల తడవకుండా పెట్టుకుని
వానలోకి నడిచింది.