కుడి దిక్కు

ప్రాణహిత మీద వంతెన లేని రోజులు.
బండిని పడవ ఎక్కించాల్నంటె
ముందు టైరుకు ఇద్దరు, వెనుక టైరుకు ఇద్దరు,
సైలెన్సరు కాలు కాల్చకుంట తడి గోనెసంచి.
మా పోచమల్లు మామ రాజ్‌దూత్
నడి ఏట్ల కోడెలెక్క బెదిరేది.
నేను హ్యాండిలు పట్టుకొని
దాని చెవుల ఏదో ఒకటి చెప్పేటోన్ని.

ఆ బండి మీదనే నేర్చుకున్న.
సిరోంచ నుంచి ఆసరెల్లి తొవ్వ,
తొవ్వంటె, గుంతలు పోంగ మిగిలింది.
అడ్డమొచ్చినదాన్ని బట్టి తిరుగుడే గని
ఇది ఎడమ, ఇది కుడి అని ఎవ్వడు చెప్పలె.
హారనే మా మాట.
ఒక్కటి కొడితె: వస్తున్న.
రెండు: అవ్వా, ఆ వడ్లు జరంత జరుపు.
పొడుగ్గ కొడితె: సారూ, మంచిగున్నరా?
ఆలపల్లి బస్సు తోలే మోహుర్లే కాక
మూడు కొట్టి బదులు చెప్పేటోడు.
మూడంటె ఏందో ఆయన చెప్పలె, నేను అడగలె.

ఒమాన్‌ల, ఇబ్రిల, రొట్టెల పికప్పు తోలవోయిన.
డ్రమ్ముల నడుమ రివర్సు పరీక్ష
మూడుసార్లు తప్పిన.
రోడ్డంత కుడికి. నా పెయ్యంత ఎడమకు.
గేరు కోసం పాదం దేవులాడేది,
గేరేమో చేతికాడ.
ఉస్తాద్ సైఫ్ అద్దం తట్టి
"నీ కండ్లు ఇంకా ఇమాన్రం దిగలేదు" అనేటోడు.
గోల్ చక్కర్ కాడ ఆగి
లోపల తిరిగేటోళ్లు ఒడిసేదాక చూసేటోన్ని,
రేవుల పడవకు చూసినట్టు.
వాళ్లు ఒడవరు.
నా ఎనుక పది బండ్లు. ఒక్క హారనన్న లేదు.
ఆ సప్పుడు లేకపోవుడే
నాకు బుగులు పుట్టిచ్చేది.

ఒకనాడు ముందటి కారు తలుపుల
తెల్ల అంగి అంచు ఇరికి రోడ్డు మీద ఈడుస్తున్నది.
చెప్పుదామని రెండు కొట్టిన.
ముసలాయన బండాపి దిగిండు.
ఏమనలె. చూసిండు.
నేను వేలుతోని అంచు చూపిస్తె దులుపుకొని,
గుండెమీద చెయ్యి పెట్టి, ఎక్కి పోయిండు.
ఆ చెయ్యి సమజైంది నాకు.
ఆ మొదటి చూపు కాలె.
ఆనాటి నుంచి ఆరేండ్లు
బొటనవేలు మడిచి పెట్టుకున్న.
ఒంటె అడ్డమొస్తె మాత్రం పానం లేచొచ్చేది.
దానికీ మా బర్రెలకూ
ఏ దేశపు రూలూ తెల్వది.

వచ్చిన. వంతెన పడ్డది.
మామ లేడు. అత్త రాజుబాయి
పత్తి సంచుల ఎనుక నుంచి బండి తీసిచ్చింది.
మొదటి మలుపుకే కుడికి పట్టిన.
ఎదురుంగ ఇటుకల ట్రాక్టరు.
"ఓ కాకా, డావీకడే!" మొత్తుకున్నడు పోరడు,
మళ్ల నా మొకం చూసి
తెలుగుల ఒకటి కలిపిండు.
రెండు భాషల తిట్లు
కడుపునిండ తిని ఎంతకాలమైందో.

లసుమయ్య రేవుకాడనే ఉన్నడు, వల కుట్టుకుంట.
అవతలికి దాటియ్యంటె
"వంతెన కనవడ్తలేదా?" అన్నడు.
కనవడ్తున్నదన్న.
ముందు టైరు అతను, వెనుక టైరు నేను.

నడి ఏట్ల బండికి ఎడమ లేదు, కుడి లేదు.
పైన వంతెన మీద
ఎవల దిక్కు వాళ్లు పట్టుకొని పోతున్నరు.
ఆరేండ్ల మడత విప్పి ఒత్తిన.
పలుకలె. బ్యాటరి ఎన్నడో సచ్చింది.

లసుమయ్య తెడ్డు ఆపకుంటనే
"పాం" అన్నడు నోటితోని.
జరసేపు ఊకుండి, ఇంకో రెండు: "పాం, పాం."
మూడంటె ఏందని అడగబోతున్న,
"ముందు ఆ నీళ్లు తోడు, అడుగు కారుతున్నది" అని
రేకుడబ్బ నా దిక్కు నూకిండు.